పలకలు లేని గుంత

కోయంబత్తూరు,
13-2-1966, ఆదివారం.

తల్లి తరువాత తల్లివైన అక్క పేచ్చియమ్మాళ్‌కు తమ్ముడు రాజేంద్రన్ పాదాలంటి నమస్కరించి రాసే ఉత్తరం. ఇక్కడ హాస్టల్లో నేను కుశలం. మదురైలో నువ్వు, బావ, పాప, అమ్మ అందరూ కుశలమని తలుస్తాను. అమ్మ మోకాళ్ళకు ఆకుపసరు కట్టడం మానేసి ఆసుపత్రికి తీసుకెళ్ళమని పోయినసారి రాశాను. తీసుకెళ్ళావో లేదో నువ్వు రాయలేదు.

ఎప్పుడూ తమిళంలో రాసేవాణ్ణి ఈసారి తెలుగులో రాస్తున్నానేమిటా అనుకుంటావు. మన లైన్ వీధిలో తెలుగు వాత్యార్ ఇసకలో దిద్దించిన అక్షరాలు నీకూ నాకూ తప్ప ఆ వీధిలో ఎవరికీ నిలవలేదు. ఈ ఉత్తరం బావ చేతికి చిక్కినా, మీ మిల్లు కాలనీలో ఇంకెవరి చేతికి చిక్కినా చదవలేరు. నా గదిలో ఉండే అబ్బాయి ఇప్పుడు నా భుజం మీదుగా తొంగి చూసి, ఇదేం రాతరా అని వెళ్ళిపోయాడు. అమ్మకు మాత్రం చదివి వినిపించవద్దు.

అప్పసామి కనిపించాడు.

మొదటి నుంచి చెబుతాను. నా పై చదువు నేల గురించని నీకు తెలుసు. మట్టి తవ్వే ఇంట్లో పుట్టి మట్టిని చదవడానికి కాలేజీకి పోతావా అని నవ్వావు కూడా. బరువు పెడితే నేల ఎంత కుంగుతుంది, తవ్విన గోడ ఎంత ఎత్తు వరకు తనంతట తాను నిలుస్తుంది, నీళ్ళు చేరితే దాని బలం ఎంత పోతుంది, ఇవే మా లెక్కలు. ఆఖరి ఏడాది ఒక చోటి నేలను పూర్తిగా పరీక్షించి పుస్తకం రాసివ్వాలి. మా ప్రొఫెసర్ సుందరమూర్తి గారు నాకిచ్చిన చోటు ఏదనుకున్నావు? నాయన గుంత గోడ కూలి పోయిన మిల్లే. పాత షెడ్డు పక్కన కొత్త స్పిన్నింగ్ షెడ్డు కడతారట, నేల పరీక్షలు మా కాలేజీకి అప్పగించారు. మన సంగతి ప్రొఫెసర్ గారికి తెలియదు. నేనూ చెప్పలేదు. చెబితే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారని భయం.

అక్కడ బోర్లు వేసి, ఇన్ని అడుగులకు ఒకటని ఇనప గొట్టాల్లో మట్టిని చెదరకుండా పట్టి, రెండు చివరలా మైనం పోసి కాలేజీకి పంపుతారు. డిసెంబరులో మొదటి బండి వచ్చినప్పుడు గొట్టాలు దించుతున్న ముఠాకు పెద్ద అతనే. తల నెరిసింది, ఎడమ కాలు ఈడుస్తున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. కాసేపటికి దగ్గరికి వచ్చి, "మారి కొడుకువి కదా తంబీ. బాగుండావా? అక్క బాగుండాదా?" అని అడిగాడు. నేను గొట్టాల మీది చీటీలు చదువుతూ ఉండిపోయాను. ఆ వారమే వాళ్ళ ఇంటి నుంచి ఒక టిఫిను గిన్నె వచ్చింది. మూత తీయకుండానే తిప్పి పంపాను. పదకొండేళ్ళు లేని ప్రేమ ఇప్పుడెందుకని అప్పుడే అనుమానం మొదలైంది.

నాయన చావు మీద జరిగిన విచారణలో అతను చెప్పిన మాట నీకూ నాకూ పాఠంలా వచ్చు. "పలకలు అక్కర్లేదని మారే చెప్పినాడు" అన్నాడు. ఆ ఒక్క మాటతో పోయినవాడిదే తప్పని రాసి కాగితాలు మూసేశారు. నాయన పన్నెండో ఏట నుంచి గుంతలు తవ్విన మనిషి. బావి తవ్వుతూ పిడికెడు మట్టి నలిపి చూసి, రేపు ఈ పక్క జారుతుంది అంటే జారేది. అలాంటివాడు పద్నాలుగు అడుగుల పునాది గుంతకు, గోడలు కూలకుండా ఆనించే చెక్క పలకలు వద్దంటాడా? మేస్త్రీగా ఆ పలకలన్నీ అప్పసామి చేతి కిందివే. నీ పెళ్ళికి అతను ఇత్తడి బిందె పట్టుకుని వస్తే పందిట్లోంచే పంపేశావు. అది తప్పని నేను ఎన్నడూ అనుకోలేదు.

సరే, పరీక్షల సంగతి. మట్టిని ఒకటిన్నర అంగుళం మందాన చిన్న స్తంభంలా చెక్కి, రబ్బరు తొడుగు వేసి, చుట్టూ నీటి ఒత్తిడి పెట్టి పైనుంచి నొక్కుతాం. ఎంత బరువుకు విరుగుతుందో చూస్తాం. మొదటి నెల వచ్చిన లెక్కలు చూసి నమ్మలేక మళ్ళీ మొదటి నుంచి వేశాను. ఈ నేల ఇరవై అడుగుల వరకు పలకలు లేకుండా నిలబడాలని తేలింది. అంటే విచారణలో చెప్పింది నిజమేనా? నాయన నిజంగానే వద్దన్నాడా? రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు నాకు వేరే ఆలోచన వచ్చింది. ఈ గొట్టాలు తెస్తున్నది ఎవరు? గట్టి మట్టి ఉన్న చోట మాత్రమే ఏరి తెస్తే?

ప్లాను చేత్తో పట్టుకుని మిల్లుకు వెళ్ళాను. మూడో బోరు పాత షెడ్డు మూలకు పది అడుగుల్లో ఉండాలి. అది నాయన గుంత ఉన్న చోటు. టేపు పట్టి కొలిచాను. బోరు ముప్పై అడుగుల అవతల ఉంది. ఎందుకు జరిపావని అప్పసామిని అడిగితే, "అక్కడ రాయి తగిలినాది తంబీ" అన్నాడు, నా ముఖం చూడకుండా. మర్నాడు అతను లేనప్పుడు నేను ఇనప కడ్డీ తీసుకెళ్ళి ఆ చోట నాలుగు వైపులా దిగగొట్టాను. ఆరడుగులు మెత్తగా దిగింది. రాయీ లేదు, రప్పా లేదు. పచ్చి అబద్ధం.

ఆనాటి నుంచి అతన్ని కనిపెడుతూనే ఉన్నాను. అతని నోటు పుస్తకం అడిగి తీసుకుని లోతులు సరిచూశాను. మైనం మీద వేలిముద్రలున్నాయేమోనని కూడా చూశాను. నువ్వు నవ్వుతావేమో గాని, ఒక రోజు పోదనూరు బస్సులో అతని వెనక ఇంటిదాకా వెళ్ళాను. ఎవరితో కలుస్తాడో, ఆనాడు గుంతలు తవ్వించిన కాంట్రాక్టర్ మనుషులు ఎవరైనా వస్తారో చూద్దామని. రైల్వే కాలనీ వెనక ఒక రేకుల ఇల్లు. వాకిట్లో కూర్చుని కాలికి నూనె రాసుకుంటున్నాడు. ఎవరూ రాలేదు. జాగ్రత్తగా ఉన్నాడనే అనుకున్నాను.

ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్ళి, పాత షెడ్డు మూల దగ్గర తెరిచిన గుంత ఒకటి తవ్వించి, నా చేత్తో మట్టి దిమ్మ కోసుకుంటానని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు. ఇంకో మాట కూడా అన్నారు. ఈ నల్లమట్టిలో సన్నని పగుళ్ళు ఉంటాయట. ఒకటిన్నర అంగుళం ముక్క చెక్కితే పగులు ఉన్నది చెక్కేటప్పుడే విరిగిపోతుంది, గట్టిది మాత్రమే యంత్రం దాకా వస్తుంది, అందుకని ఆ పెద్ద లెక్కను నమ్మవద్దన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

మొన్న శుక్రవారం గుంత తవ్వారు. ఐదడుగులు దిగగానే అప్పసామి పని ఆపించి పలకలు దించమన్నాడు. తొమ్మిదడుగుల గుంతే కదా, పొద్దు పోతుంది, నేను ఊరికే దిగి కోసుకుని వస్తానన్నాను. అతను గుంతకు అడ్డంగా నిలబడ్డాడు.

"పలక పెట్టకుండా నిన్ను దిగనియ్యను. నన్ను పనిలోంచి తీసేసినా సరే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఈ మాట ఆ రోజు మా నాయనకు ఎందుకు చెప్పలేదని అందరి ముందూ అడిగాను. ముఠా అంతా చేతులాపి చూశారు. అతను పలక ఎత్తి గుంత గోడకు ఆనించాడు.

"చెప్పినాను సామీ. వినలేదు" అన్నాడు.

మరి విచారణలో అది ఎందుకు చెప్పలేదని అడిగాను. "వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పినాను" అని వంగి చెక్క మేకు కొట్టడం మొదలుపెట్టాడు. ఇంకేం అడిగినా సుత్తి చప్పుడు తప్ప జవాబు లేదు. దాచేది లేనివాడు అలా ఉంటాడా అక్కా?

దిమ్మ కోసుకొచ్చాను. విరిస్తే లోపల పగుళ్ళ ముఖాలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పగుళ్ళతో ఉన్న పెద్ద ముక్కనే తీసుకుని నీళ్ళు పట్టించి నిన్న పరీక్ష చేశాను. ఈసారి వచ్చిన లెక్క ఏడడుగులు. వాన పడ్డాక ఏడడుగులు మించి ఈ గోడ నిలవదు. కాసేపు నిలబడ్డట్టే ఉండి, చెప్పకుండా పడుతుంది. నాయన గుంత పద్నాలుగు. ఆ రోజు మధ్యాహ్నం వాన పడింది. నాయనకు ఇది యంత్రం లేకుండానే తెలుసు. కాబట్టి పలకలు వద్దన్నాడన్నది అబద్ధం. ఉన్న పలకలు ఎవరో తీశారు, తీసినవాడు నోరు మూసుకున్నాడు. ఇన్నాళ్ళూ మన మనసులో ఉన్నదానికి ఇప్పుడు నా దగ్గర లెక్క ఉంది.

రేపు ఉదయం ప్రొఫెసర్ గారికి అన్నీ చెప్పేస్తాను. బోరు జరిపి రాయి తగిలిందని అబద్ధమాడిన సంగతి రాతలో ఇస్తాను. తరువాత లేబర్ ఆఫీసుకు అర్జీ పెడదాం. నువ్వు ఆ రోజు పక్క గుంతలో తట్టలు మోస్తున్నావు కనుక నీ సంతకం కావాలి. చప్పుడు తప్ప ఏమీ గుర్తు లేదంటావు. ఆ మాటే చాలు.

పాపకు ముద్దులు. అమ్మకు నమస్కారాలు. బావకు నేను అడిగానని చెప్పు.

నీ చేతి అన్నం తిని చదువుకున్న తమ్ముడు,
రాజేంద్రన్.

తా.క. (16-2-66, బుధవారం)

ఉత్తరం పోస్టు చెయ్యలేదు. ఎందుకో చదువు.

సోమవారం ప్రొఫెసర్ గారికి కాగితం ఇచ్చాను. మధ్యాహ్నానికల్లా అప్పసామిని పనిలోంచి ఆపేశారు. తువాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నిన్న కాలేజీ గేటు దగ్గరికి కుప్పమ్మాళ్ వచ్చింది. నీతో పాటు ఆ గుంతలో తట్టలు మోసిన ఆమె, ఇప్పుడు ఆ మిల్లులోనే ఊడుస్తుంది. "ఆ మనిషి కూడు పడగొట్టింది నువ్వేనా? నీ నాయన చేసిన పని నీకెవరూ చెప్పలేదు, నేను చెప్తా విను" అంది.

కాంట్రాక్టర్ ఒక గుంతకు సరిపడా పలకలే పంపాడట. లోతైనదని వాటిని నాయన గుంతకు కట్టారు. వాన వెలిశాక మీ గుంత అంచున వేలు దూరేంత చీలిక కనపడింది. నాయన పైకెక్కి వచ్చి చూసి, తన గుంత పలకలన్నీ ఊడదీసి మీ గుంతకు కట్టాడు. అప్పసామి మామ కూడా పట్టాడు. నువ్వు అప్పుడు మట్టి పారబోయడానికి అవతలికి వెళ్ళావు, తిరిగొచ్చి చూసి కాంట్రాక్టర్ కొత్తవి పంపాడనుకున్నావట. "నీ గుంత పని రేపు చూద్దాం, దిగవద్దు" అని మామ నాయనతో అన్నాడట. మర్నాడు పునాది రాయి పెట్టాలని కాంట్రాక్టర్ మనిషి పైనుంచి అరుస్తున్నాడు. నాయన తన ఇద్దరు కూలీలను పైకి పంపేసి, "అడుగు చదును చేసేది గంట పని. నేనొక్కడే దిగుతా. నాకు పలకలు అక్కర్లేదు" అన్నాడట. విచారణలో మామ చెప్పింది ఆ మాటే.

గోడ కూలాక, ఆ సాయంత్రం నువ్వు ఒళ్ళంతా మట్టితో అమ్మ పక్కన కూర్చున్నావట. పలకలు తీసినవాడి చేతులు పడిపోవాలని అమ్మ ఏడుస్తుంటే నువ్వూ అదే అన్నావట. మామ అది విన్నాడు. ఆ పలకలు ఎక్కడికి వెళ్ళాయో ఈ పిల్లకు తెలియకూడదని అక్కడున్న ఆడవాళ్ళందరి దగ్గరా మాట తీసుకున్నాడు.

ప్రొఫెసర్ గారికి మన సంగతంతా చెప్పి నా కాగితం వెనక్కి తీసుకున్నాను. మామ రేపటి నుంచి పనిలోకి వస్తాడు. నిన్న సాయంత్రమే పోదనూరు వెళ్ళాను. బోరు ఎందుకు జరిపావంటే, ఆ చోట ఇనుము దించేదానికి చెయ్యి రాలేదన్నాడు. కాంట్రాక్టర్ ఒక గుంతకే పలకలు పంపాడని అయినా విచారణలో చెప్పొచ్చు కదా అని అడిగాను. "ఉన్నవి ఎక్కడికి పోయినాయని అడిగేవాళ్ళు కదా తంబీ" అన్నాడు. అది సరైన పనో కాదో నాకింకా తేలలేదు. అసలు తప్పు చేసినవాడు తప్పించుకున్నాడు, నాయన పేరు కాగితాల్లో చెడింది. ఆ కోపం నాకు పోలేదు. అర్జీ పెడదాం, ఈసారి కాంట్రాక్టర్ మీద.

అక్కకు రాయవద్దని మామ బతిమాలాడు. నేను మాట ఇవ్వలేదు. పైన రాసినది చింపేసి మంచిగా వేరే రాద్దామనుకున్నాను. కాని ఆయనకు నేనేం చేశానో నీకు తెలియాలి, నువ్వు ఆయన్ని ఏమన్నావో నీకు గుర్తుండాలి.

నువ్వు ఏడుస్తావని తెలుసు. అయితే ఒకటి విను. మీ గుంత గోడ కూడా అదే గంటలో లోపలికి ఉబ్బిందట, పలకలే ఆపాయి. అందులో తొమ్మిది మంది ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఎవరికి ఎందరు పిల్లలో కుప్పమ్మాళ్ వేళ్ళ మీద చెప్పుకుంటూ పోయింది, నేను మధ్యలో వినలేకపోయాను. నాయన చూసిన చీలిక నీ ఒక్కదాని పక్కన లేదు. బరువంతా నీ ఒక్కదాని మీద వేసుకోవద్దు.

శనివారం పాసింజరుకు రా. పోదనూరు స్టేషన్లో నేనుంటాను. ఆయన ఇల్లు అక్కడి నుంచి నడిచేంత దూరమే.

రాజేంద్రన్.