ఏ గీత అమ్మది?

బుధవారం, మలంచాలో మా ఇల్లు

అమ్మ ఛాతీకి ఒక రోజంతా కట్టి ఉంచిన గుండె మిషను రీడింగు ఇవాళ వచ్చినాది. "ఠీక్ హై, అంతా ప్రశాంతంగా ఉంది" అన్నాడు డాక్టరు. ఆ మాటే నాకు నచ్చలేదు. నేను చదివే హిజ్లీ క్యాంపస్‌లో షేర్ మార్కెట్టు కుదుపుల్ని కొలవడానికి రాసుకున్న ప్రోగ్రాములోనే అమ్మ గుండె చప్పుళ్ళని కూడా పెట్టి చూసినాను.

మార్కెట్టులో పెద్ద కుదుపు లోపల చిన్న కుదుపులు, వాటి లోపల ఇంకా చిన్నవి, అన్నీ ఒకే పోలికలో ఉంటాయి. గ్రాఫులో ఏడాది గీతకీ గంట గీతకీ తేడా చెప్పలేం. ఆరోగ్యంగా ఉన్న గుండెదీ అదే తీరు అనీ, జబ్బు గుండెదైతే నున్నబడిపోతాదనీ చదివినాను.

సాయంత్రం రైల్వే వర్క్‌షాపులో పని నుంచి వచ్చిన నాన్నకి రెండు గీతలు చూపించినాను.

"వీటిలో అమ్మది ఏది నాన్నా?"

నాన్న వెంటనే మార్కెట్టు గీత మీద వేలు పెట్టినాడు. "ఇదేనమ్మా. మీ యమ్మ ఇలాగే కదా, ఉన్నట్టుండి ఎగిరిపడతాది, అంతలోనే సల్లబడతాది."

"కాదు. అమ్మది రెండోది."

రెండోదాన్ని ఎంత పెద్దది చేసి చూసినా నున్నగానే ఉంది. లోపల ఏ కదలికా లేదు. గుండె అలా ఉండకూడదని చెప్తే నాన్న మొహం పాలిపోయింది.

వంటింట్లోంచి అమ్మ అడిగినాది. "ఏటే, ఏటి చూస్తన్నారు?"

"నీ గుండె."

"ఏటంటాది?"

నాన్న ఫోను తీసి, రేపటికి కలకత్తాలో పెద్ద డాక్టరు దగ్గర టైము తీసుకున్నాడు.

ఆసుపత్రి పేరెత్తితేనే మండిపడే మనిషి అమ్మ. ఇవాళ మాత్రం "సరే" అని సంచీలో చీర సర్దుకున్నాది. ఆ రెండో గీతలాగే, ఎక్కడా ఎగిరిపడలేదు.