ఆ రెండు ఫోటోలు

ప్రియమైన అక్కకు,

చెల్లెలి నమస్కారాలు. నేనూ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. మొన్నటి ఆసుపత్రి పరీక్షల్లో నీకు అంతా బాగానే వచ్చిందని నీ ఉత్తరంలో చదివి అమ్మ చాలాసేపు కళ్ళు తుడుచుకుంది. బావను అడిగానని చెప్పు.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కొద్దంటే వినదు. నువ్వు చెప్పినట్టే మా జుట్టునూనె సీసాలకు కారుతున్న మూతలు మార్చేశాం. వ్యాపారం ఎలా ఉందనీ అడిగావు. ఆ ఒక్కటే ఫోనులో చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

మొదట్లో నా తిప్పలు నీకు తెలుసు. కిటికీ వెలుతురులో నూనె సీసా పెట్టి, పక్కన అమ్మను కూర్చోబెట్టి ఎన్ని వీడియోలు తీసినా, చూసినవాళ్ళు వేళ్ళమీద లెక్కకొచ్చేవారు. "ఎలుక తోకలాంటి నా జడ చూసి ఎవరు కొంటారే!" అని అమ్మ నవ్వేది. అలాంటిది పోయిన ఏడాది ఒక్క పోస్టుతో మా నూనె పేరు మోగిపోయింది. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టాను. ఒకదాంట్లో వెనకనుంచి తీసిన నున్నటి తల. రెండోదాంట్లో అదే తలమీద మెడదాకా ఒత్తుగా జుట్టు. కింద "ఏడాదిలో ఇంత తేడా" అని రాశాను. ఏడాది అన్నది నిజమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పోయిన మంగళవారం ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని మా ప్యాకింగ్ గదికి వచ్చింది. పిల్లకు పద్నాలుగేళ్ళుంటాయేమో. తలకు గుడ్డ చుట్టుకుంది. ఆవిడ సంచిలోంచి ఖాళీ సీసాలు ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టింది. ఆరు.

"రెండు పూటలా రాస్తున్నానమ్మా. ఒక్కరోజూ తప్పలేదు. నాకే సరిగ్గా రాయడం రావట్లేదేమో, మీరోసారి చూపించండి," అంది.

"పోనీలే అమ్మా. ఇంకా మందులు ఎక్కిస్తూనే ఉన్నారు, జుట్టెలా వస్తుంది?" అని పిల్ల గొణిగింది.

ఆ పిల్లకు తెలిసిన పాటి నాకు తెలియక కాదక్కా.

ఇక ఆగలేకపోయాను. ఫోటోల్లో ఉన్నది మా అక్క అనీ, మందులు ఆపాక జుట్టు దానంతటదే వచ్చిందనీ, మా నూనె చుక్కయినా ఆ తలకు తగల్లేదనీ చెప్పేశాను. అవునక్కా, అమ్మకు చూపించమని నువ్వు పంపిన ఫోటోలే అవి. అద్దంలో చూసుకోవడానికి కూడా నువ్వు భయపడిన రోజుల్లోది ఆ మొదటిది. నిన్ను ఒక్క మాట అడగలేదు.

ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను. ఆవిడ సీసాలు పక్కకు జరిపి, "ఇప్పుడు మీ అక్క ఎలా ఉన్నారు?" అంది.

"బాగుందండి."

"విన్నావా? బాగున్నారట," అంది కూతురితో.

పిల్ల అప్పుడు తలెత్తింది. "ఆవిడతో ఓసారి మాట్లాడొచ్చా?" నిన్ను అడిగి చెబుతానన్నాను.

ఆ రోజే పోస్టు తీసేసి, జరిగింది జరిగినట్టు చెబుతూ వీడియో పెట్టాను. తిట్లు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. ఆర్డర్లు ఆగిపోయాయి. దానికి నాకు బాధ లేదు. కానీ అవి నీ ఫోటోలని అప్పుడే తెలిసి అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

నిన్న ఆవిడ ఫోను చేసింది. పిల్లను మళ్ళీ ఆసుపత్రిలో చేర్చారట. ఈసారి మందులు పనిచేస్తున్నట్టు లేదట. "వాళ్ళక్కను అడిగారటా?" అని పిల్ల పక్కనుంచి అనడం వినిపించింది.

నీ నంబరు ఇవ్వలేదు. అడక్కుండా నిన్నొకసారి లోకం ముందు పెట్టాను. మళ్ళీ ఆ పని చేయను. వాళ్ళ నంబరు ఈ కాగితం వెనక రాశాను. కొరియర్లో పంపుతున్నాను, రేపటికి నీకు అందుతుంది. నామీద కోపం ఎన్నాళ్ళయినా ఉంచుకో. ఆ పిల్లతో మాత్రం ఇది అందిన వెంటనే మాట్లాడవూ.

ఇట్లు,
నీ ముందు తలెత్తుకోలేని
చెల్లెలు