మొరం సైకిల్, నిలువెత్తు బంగారం

డిసెంబర్ 21, ఆదివారం

1980 మేడారం జాతరకు ముందు, ఒక చలి తెల్లవారుజామున, ములుగు రోడ్డు జంక్షన్‌లో సైకిల్ పట్టుకొని ఎదురుచూశాను. వస్తానన్నవాడు రాలేదు. కాబట్టి ఈ డైరీ అక్కడి నుంచే మొదలవుతుంది.

నేనూ రాజేశ్వర్ రావూ ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. లెక్చరర్ ఉద్యోగాలు వస్తే పాత బండ్ల బాట పట్టి, సైకిళ్ల మీద మేడారం పోయి, సమ్మక్కకు చెరొక నిలువెత్తు బంగారం ఇస్తామని మొక్కుకున్నాం. బంగారమంటే బెల్లం. త్రాసులో ఒక పక్క మనిషి, ఇంకో పక్క బెల్లం.

ఉద్యోగాలు వచ్చాయి. టిఫిన్ డబ్బా కట్టుకొని జంక్షన్‌లో నిలబడ్డాను. ఎండెక్కింది. ఆయనేమో వాళ్ల బావ జీపులో పోయి, బెల్లం ఇచ్చి, ఫొటో కూడా దిగి వచ్చాడు!

"ఒక్కరే పోవచ్చు గద?" అని నిర్మల పెళ్లయిన నాటి నుంచి అడుగుతోంది. ఇద్దరం కలిసి మొక్కిన మొక్కు. ఒకడు జీపెక్కితే రెండోవాడు ఏం చేయాలి? పగ పట్టాలి. పట్టాను.

ఇవాళ ఒక వీడియో చూశాను. నా ఈడు తెల్లవాళ్లు, గుట్టల మీది ద్రాక్షతోటల మధ్య, వెయ్యేళ్ల నాటి యాత్రాబాటలో, కంకర మీద, అంటే మన మొరం మీద, పోయే సైకిళ్లు తొక్కుతున్నారు. సాయంత్రానికి తలా ఒక గ్లాసు. దాన్నొక ఘనకార్యంలా చూపిస్తున్నారు!

వాళ్లకు ద్రాక్షతోటలుంటే మనకు ఈతవనాలు లేవా? గుట్టలు లేవా? తరతరాల బండిచక్రాలు నలిపిన మేడారం బాట లేదా?

జాతర జనవరి 28న. నేను పోతున్నాను. సైకిల్ మీద!

డిసెంబర్ 22

మేనల్లుడు అనిల్ దగ్గర అలాంటి సైకిలే ఉంది. కొని మూడు నెలలుగా దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నాడు. అడిగిన వెంటనే ఇచ్చాడు. ఇచ్చిన వేగం చూస్తే అనుమానం వచ్చింది.

లావు టైర్లు. కిందికి వంగిన హ్యాండిల్. నిర్మల దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"గిదేం సైకిలండి, పొట్టేలు కొమ్ములున్నయి దీనికి?"

"మొరం మీద పోయే సైకిల్."

"మొరం మీద లారీ పోతది. మీరెందుకు?"

చరిత్ర చదవనివాళ్లతో వాదించను. ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి, చదివినవాళ్లతో కూడా వాదించడం మానేశాను.

బరువు: ఎనభై ఆరు. మొక్కిన నాడు యాభై రెండు. సమ్మక్క వడ్డీ అడగదు, నా నడుమే కడుతోంది. జాతర నాటికి డెబ్బై ఐదుకు దించాలి. బెల్లమూ కలిసొస్తుంది.

డిసెంబర్ 23, ఉదయం 5.30

హసన్‌పర్తి చెరువు కట్ట దాకా పోయి వచ్చాను!! గాలి, కొంగలు, పొగమంచు. ఇరవై ఐదేళ్లవాడినైపోయాను. ఇన్నేళ్లూ ఎందుకు ఊరుకున్నానో అర్థం కావడం లేదు. అంటే అర్థమవుతూనే ఉంది. ఆ పేరు ఈ పూట రాయను.

వాకింగ్ గ్రౌండ్‌లో రిటైర్డ్ ప్రిన్సిపాల్ కనిపించాడు. 'ఈ వయసులోనా?' అన్నాడు. నా ప్రమోషన్ ఫైలు మీద కూర్చున్నది ఈయనే. సమాధానంగా బెల్లు కొట్టాను.

డిసెంబర్ 25

పక్కింటి స్టీఫెన్ కేకు తెచ్చాడు. పండగ పూట వద్దంటే మర్యాద కాదు. రెండో ముక్క కూడా మర్యాదే. మూడోది వాళ్లమ్మ ఏసమ్మ గారి మీద గౌరవం.

సైకిల్: రేపు.

డిసెంబర్ 28

కొత్త దారి కనిపెట్టాను. చెరువు దాటాక మొరం బాట, తర్వాత గుట్ట, గుట్ట కింద ఈతవనం. ఎక్కుతుంటే గుండె చెవుల్లో కొట్టుకుంది. దిగి నెట్టుకుంటూ పోయాను. పైనుంచి ఎవరో పిలిచారు. తలెత్తి చూస్తే చెట్టు మీద గీత కార్మికుడు యాకయ్య, నడుముకు మోకుతో.

"సారూ! మొదటిసంది చూస్తున్న. మీరు సైకిల్‌ను తొక్కుతున్నరా, అది మిమ్ముల తొక్కుతాందా?"

చెట్టు దిగి, మోదుగాకు దొప్పలో కల్లు పోశాడు. అప్పుడే దించిన లొట్టి కుండలోది. చల్లగా, తియ్యగా, చివర్లో కాస్త పులుపు. ఆ తెల్లవాళ్లు కూడా తోటల దగ్గర ఆగుతారు కదా! యాత్రలో భాగమే.

జనవరి 4, ఆదివారం

ఈతవనం దాకా 25 నిమిషాలు. ఈతవనంలో రెండు గంటలు.

యాకయ్య భార్య గుడాలు పెట్టింది. ఉడికిన శనగలు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. పోషకాహారమే.

వచ్చేటప్పుడు ఎదురుగాలి. సైకిల్ నెట్టుకుంటూ వచ్చాను. నడక కూడా వ్యాయామమే.

జనవరి 9

మోకాలు. గుట్ట ఎక్కితే టక్ టక్ మంటోంది. దారి మార్చాను: గుట్ట లేకుండా నేరుగా ఈతవనానికి.

బరువు చూసుకోలేదు. యంత్రం నేల మీద సరిగ్గా కూర్చోవడం లేదు.

జనవరి 16

సైకిల్ మీద నిర్మల నా తువ్వాలు ఆరేసింది. తడి ఆరేదాకా కదిలించడం బాగుండదు.

జనవరి 18

బస్సులో పోయాను. ఈతవనానికి. యాకయ్య నవ్వలేదు. 'సైకిలేదీ సారూ?' అని మాత్రం అడిగాడు. సర్వీసింగ్‌కు ఇచ్చానన్నాను. నిర్మలకేమో ఫోన్‌లో, సైకిల్ యాకయ్య దగ్గర పెట్టానని చెప్పాను. ఇంటికొచ్చేసరికి సైకిల్ ఇంట్లోనే ఉంది. మరచిపోయాను.

జనవరి 24, శనివారం

ఈతవనంలో యాకయ్యతో ఎవరో కూర్చొని ఉన్నారు. వెనక నుంచి ఆ బట్టతలను నలభై ఆరేళ్లుగా గుర్తుపడుతున్నాను. రాజేశ్వర్ రావు! నిర్మల చెప్పి పంపిందట.

"ఏం రా మల్లీ! మేడారం పోతాన్నవట? గా ముచ్చట ఇంకా యాదికున్నదా?"

"నిద్రల గూడ యాదికున్నది."

"నాది గూడ సగం బాకీనేరా. బెల్లమిచ్చిన గని సైకిల్ తొక్కలే. బావ బలవంతం జేసిండు, నేను బుద్ధి తక్కువై ఎక్కిన. ఈసారి వస్త. మంగళారం పొద్దుగాల నాలుగు గొట్టంగ గదే జంక్షన్ల ఉంట."

"నువ్వు రావు."

"అమ్మతోడు వస్తరా!"

"1980ల గూడ అమ్మతోడే."

యాకయ్య మధ్యలో దూరాడు. "కొట్లాట అమ్మల గద్దెల కాడ పెట్టుకోన్రి సారూ. మా ఇంటోళ్లం ట్రాక్టర్ మీద మేకను పట్టుకొని వస్తానం. ఆడనే కలుద్దాం."

ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే నేను భయపడ్డానంటాడు. ఊరంతా చెప్తాడు. అట్లాంటివాడే.

జనవరి 26, రాత్రి 9.00

సామాను సర్దాను: టిఫిన్ డబ్బా, టార్చిలైటు, మోకాలి పట్టీ. సైకిల్ మీది తువ్వాలు తీశాను. టైర్లలో గాలి లేదు. కొట్టాను. నాకు ఆయాసం వచ్చింది.

9.40. ఆలోచిస్తున్నాను. నేను నాలుగింటికి లేచి, ఆ చలిలో నిలబడి, ఆయన మళ్లీ రాకపోతే? డెబ్బై ఒకటో ఏట, అదే జంక్షన్‌లో, అదే అవమానం? పాల ప్యాకెట్లవాళ్లంతా చూస్తారు.

10.15. రాడు. కచ్చితంగా రాడు. చరిత్ర తెలిసినవాడు ఒకే గోతిలో రెండుసార్లు పడడు.

10.20. ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. ఈసారి ఎదురుచూసే అవకాశం ఆయనకు ఇవ్వను. అంటే, నన్ను ఎదురుచూసేలా చేసే అవకాశం.

జనవరి 27, మంగళవారం, ఉదయం 7.30

ఫోన్ నిండా మిస్డ్ కాల్స్. అన్నీ ఆయనవే. ఇంట్లో దుప్పటి కప్పుకొని కొట్టి ఉంటాడు. పాత ఎత్తు.

8.00. పొద్దుటి ప్రార్థనకు చర్చికి పోయి వస్తున్న స్టీఫెన్ గేటు దగ్గర ఆగాడు.

"అంకుల్, మీ దోస్త్ పొద్దున జంక్షన్ల నిలబడ్డడు, మంకీ క్యాప్ పెట్టుకొని. మిమ్ములనే అడిగిండు. ఆరు దాకా చూసి పోయిండు, పాపం."

"పాపమా?"

"చలి మస్తున్నది కద అంకుల్."

ఆయన నాలుగు నుంచి ఆరు దాకా. నేను నాడు నాలుగు నుంచి ఎండెక్కేదాకా. ఇంకా నాదే పైచేయి.

నిర్మల చాయ్ ఇచ్చి, రాత్రి సర్దిన టిఫిన్ డబ్బాను మళ్లీ అల్మరాలో పెట్టేసింది.

జనవరి 28

వాట్సాప్‌లో ఫొటోలు పంపుతున్నాడు. ములుగు దాటాక మొరం బాట, రాత్రి ఏదో బడి అరుగు మీద పడక, తాడ్వాయి అడవి. ప్రతి ఫొటోను పెద్దది చేసి చూశాను. ఎక్కడైనా జీపు నీడ ఉండాలి.

లేదు.

ఒకదాంట్లో కింద పడి మోచేయి చెక్కుకుపోయి ఉంది. నవ్వుతున్నాడు. పాత అట్లాస్ సైకిల్. గేర్లు లేవు. నా దగ్గర పద్దెనిమిది గేర్లున్న సైకిల్ ఉంది. ప్రస్తుతం దాని మీద నిర్మల చీర ఉంది.

ఫిబ్రవరి 2, సోమవారం

వచ్చాడు. మాడిపోయి నల్లగా ఉన్నాడు. నేను ముందు ఆయన సైకిల్ చూశాను. చక్రాల నిండా ఎర్రమట్టి. గోటితో గీకి చూశాను. అసలు మట్టే.

చేతిలో ఒక బెల్లం అచ్చు పెట్టాడు.

"ఇది నీ బంగారంల ముక్క. నీ మొక్కు తీర్చిన, మల్లీ."

"నా మొక్కు నువ్వెట్ల తీరుస్తవ్?"

"చెల్లెకు ఫోన్ జేసి నీ బరువు అడిగిన. ఎనభై తొమ్మిదన్నది."

నిర్మల వంటింట్లోకి పోయింది.

"త్రాసుల మనిషి కూసోవాలె కద. యాకయ్యను కూసోబెట్టిన. ఆడు బక్కోడు, సరిపోలే. ఒళ్లె మేకను పెట్టినం. అప్పుడు సరిగ్గ నీ అంత అయింది. అందరు చప్పట్లు కొట్టిన్రు."

యాకయ్య, యాకయ్య ఒళ్లో మేక. ఆ రెండూ కలిపి నేను. లక్షల మంది జనంలో, సమ్మక్క ఎదుట!

ఇంకా నవ్వుతూనే అన్నాడు: "నాడు నిన్ను నిలబెట్టిన. మొన్న నేను నిలబడ్డ. చెల్లుకు చెల్లు. ఇగ ఫికర్ లేదురా."

చెల్లుకు చెల్లా! నలభై ఆరేళ్లు నీళ్లు పోసి పెంచుకున్న పగ. రెండు గంటలు నిలబడి, వంద కిలోమీటర్లు తొక్కి, పట్టుకుపోయాడు. ఇప్పుడు నేను తెల్లవారుజామున లేచి ఎవరిని తిట్టుకోవాలి?

బంగారాన్ని కాదనకూడదు. తిన్నాను. తియ్యగా ఉంది. అదీ బాధ.

ఫిబ్రవరి 3, మంగళవారం, ఉదయం 5.00

రాత్రంతా ఆలోచించాను. మేకను తూచితే అది మేక మొక్కు అవుతుంది. నాది కాదు. నా మొక్కు ఇంకా నా మీదే ఉంది. చాలా ఊరటగా ఉంది.

వచ్చే జాతర రెండేళ్ల తర్వాత. ఈసారి ఎవరికీ చెప్పను. ఎవరి కోసమూ ఆగను. నిర్మల చీర తీసి మడత పెట్టాను. టైర్లలో గాలి కొట్టాను. ఇవాళ చెరువు కట్ట దాకా, రేపు గుట్ట దాకా. ఈతవనం వైపు తల కూడా తిప్పను. యాకయ్య పిలిస్తే తప్ప.

బరువు: ఎనభై తొమ్మిది. దాచి లాభం లేదు, సమ్మక్కకే తెలిసిపోయింది.

5.10. బయట మంచు కురుస్తోంది. ఎండ వచ్చాక బయల్దేరితే మంచిది.

ఒకవేళ, ఏ కారణం చేతనైనా, ఈసారీ నేను మేడారం చేరలేకపోతే, తప్పెవరిదో తర్వాత వెతుక్కోకుండా ఇప్పుడే రాసి సంతకం పెడుతున్నాను. తప్పు రాజేశ్వర్ రావుది.