గౌరి నన్ను కరిచింది

మొగుళ్లపల్లి, మంగళవారం రాత్రి

పొద్దున పత్తి ఏరుతుండగా ఎడమ మడమ తెగినట్టు నొప్పి పుట్టి చేనులోనే కూలబడ్డాను. గౌరి ఉచ్చులో పడిందని అర్థమైంది. నేను పెంచిన ఆ తోడేలుకు దెబ్బ తగిలితే నా ఒంట్లో నొప్పి పుడుతుందని శ్రీకాంత్ ఒక్కడికే చెప్పాను. పెళ్లాడబోయేవాడు కదా అని దాని గుహ కూడా చూపించాను.

కుంటుకుంటూ గుట్ట ఎక్కేసరికి గొర్రెల కాపరులు కర్రలతో నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు శ్రీకాంత్.

"గుహ వీళ్లకు నువ్వే చూపించినవా?" అని అడిగాను.

"గొర్లను తింటున్నదని ఊరంతా పరేషాన్ ఉన్నది. మా ఇంటికొచ్చినంక గూడ తోడేలు కోసమే ఏడుస్తవా? గిది నీ మంచికే చేసిన."

ఎవరూ ఆపేలోగా ఉచ్చు విప్పాను. గౌరి నా చేయి కరిచింది. వాళ్లను నేనే తీసుకొచ్చాననుకుంది. ఆ మాట దాని మనసులోంచి నేరుగా నాకు తెలిసింది. మూడు కాళ్ల మీద అడవిలోకి వెళ్లిపోయింది.

శ్రీకాంత్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అతని మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. రేపు గౌరిని వెతుక్కుంటూ వెళ్లినా నన్ను చూసి పారిపోతుంది. దాని మనసంతా నాకు తెలుస్తుంది. నా మనసు మాత్రం దానికి ఎన్నడూ తెలియదు...