గురువారం కచేరీ

సుజాతా,

గురువారం సాయంత్రం మన కాంపౌండ్ హాల్లో బ్లూస్, అమెరికానా పాటల కచేరీ ఉంది. నీ గిటారుతో మన స్వాతి పాడుతుంది. పోస్టరు మీద దాని పేరు చూస్తే నువ్వు నాలుగిళ్లకు చెప్పి వచ్చేదానివి.

నిన్న రిహార్సల్ చూడటానికి వెళ్లాను. రెండో పాట మధ్యలో ఆపేసి, గోడకు చేయి ఆనించి నిలబడింది. ఏమైందని అడిగాను.

"ఏం గాలే నాన్నా, ఉడుకపోస్తుంది, గంతే."

సౌదీలోని మన బురైదాలో ఇప్పుడు చలికాలం. నేను స్వెట్టరు వేసుకుని ఉన్నాను.

రెండేళ్ల కిందట నువ్వూ ఆ గోడకే ఆనుకుని ఇదే మాట అన్నావు. నేను నమ్మి మంచినీళ్ల కోసం వెళ్లాను. తిరిగొచ్చేసరికి వాటి అవసరం లేకపోయింది. అమ్మాయి గుండెకు కూడా పరీక్ష చేయించమని డాక్టరు అప్పుడే చెప్పాడు. ఏదో ఒక సాకుతో వాయిదా వేస్తూ వచ్చాం.

ఈ ఉదయం ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఆదివారం రమ్మన్నారు. అప్పటిదాకా పాడొద్దని స్వాతికి చెప్పాను.

"అమ్మకైతే నాక్కూడ అయితదా? నువ్వు భయపడుడు ఆపు నాన్నా" అని గిటారు తీసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

గంట నుంచి వాయిస్తూనే ఉంది. కోపంగా వాయిస్తోంది, కానీ ఎక్కడా తప్పు పోవడం లేదు. అది వినపడుతోంది కాబట్టే కూర్చుని నీకిది రాయగలుగుతున్నాను.

ఇప్పుడే పాట మధ్యలో ఆగింది. వెళ్లి చూస్తాను.