నిప్పుకు నాలుగు బాల్చీలు

మార్చి 4, 1934. ఆదివారం.
నిన్న పక్క ఊళ్లో కుళందైసామి గడ్డివాము కాలిపోయింది. నిప్పార్పేవాళ్ల కోసం కోవిల్‌పట్టి పట్నానికి కబురంపారు. అక్కణ్నుంచి మనుషులు వచ్చేసరికి బూడిద కూడా చల్లారింది. ఎవరో వచ్చి ఆర్పుతారని కూర్చుంటే అంతే సంగతులు!
మా వసారాలో ఈ ఏటి పత్తంతా కుప్పగా ఉంది. మా ఏడాది తిండీ బట్టా అదే. కనుక తిరుపతిసామి అనే నేను చేసుకున్న నిర్ణయం:
పత్తి పక్కన నాలుగు బాల్చీల ఇసుక. ఎవరూ ముట్టరాదు.
పత్తి దగ్గర చుట్ట కాల్చను.
ఇక ఊరికంతా నేనే ఆదర్శం!

మార్చి 6.
మాది నల్లరేగడి. పిడికెడు ఇసుక దొరకదు. బండి కట్టుకుని సాత్తూరు వెళ్లి ఏట్లోంచి తెచ్చాను. వరసగా పెట్టిన బాల్చీలు ఎంత ముద్దొస్తున్నాయో! "నిప్పా, ఇప్పుడు రా!" అన్నాను. నా భార్య సీనియమ్మాళ్ నవ్వింది.

మార్చి 11.
రెండు బాల్చీలు ఖాళీ! సీనియమ్మాళ్‌ను అడిగాను.
"ఇసక యాడికి పోయె?"
"శెనక్కాయలు వేంచితిని మామా. ఏటి ఇసక గదా, శానా బాగా వేగె. తిని సూడు."
కోపం వచ్చింది. తిన్నాను. కోపం పోయింది.

మార్చి 15.
మిగిలిన రెండు బాల్చీల ఇసుకా పక్కింటి పంచవర్ణం పట్టుకెళ్లింది. ఆమెకూ శెనక్కాయలే. మళ్లీ సాత్తూరా? ఎద్దుకు కాలు నొప్పి. నాకూ నొప్పే. మన్నంటే మన్నే కదా! బాల్చీల నిండా మా చేని నల్లమన్ను పోశాను. ఈ ఉపాయం ముందే ఎందుకు తట్టలేదో!

మార్చి 22.
రాత్రి వాన. పత్తికేం కాలేదు. చూరు నీళ్లకు బాల్చీల్లో మన్ను ముద్దయింది. రేపు మార్చాలి.

మార్చి 23.
రేపు.

మార్చి 27.
బయట ఎండ. చుట్ట వసారాలో కాక ఎక్కడ కాల్చాలి? పత్తికి వీపు పెట్టి కూర్చుంటే దగ్గర కాల్చినట్టు కాదు.

మార్చి 30. మధ్యాహ్నం.
చుట్ట చేతిలో ఉండగానే కునుకు పట్టింది. కళ్లు తెరిస్తే పత్తి కుప్ప అంచున పొగ! బాల్చీ ఎత్తి బోర్లించాను. ఏమీ రాలలేదు. ఊపాను. బాదాను. తడిసి ఎండిన రేగడి రాయైపోయింది! పుట్టినప్పట్నుంచి ఈ మన్నే దున్నుతున్నాను, ఆ మాత్రం తెలియలేదా నాకు?
"మామా, తొలుగు!"
సీనియమ్మాళ్ మా మధ్యాహ్నపు సజ్జ అంబలి కుండెత్తి నిప్పు మీద కుమ్మరించింది. చుయ్యిమంది. ఆరింది. ఒక గంప పత్తి మాడింది, మిగతాదంతా దక్కింది. నాకు ఏడుపొచ్చింది.
"నీ బాల్చీ మన్ను గోడ కట్టేకి పనికొస్తాది, ఏడవబాకు" అంది.

మార్చి 31.
మళ్లీ మొదలు! సాత్తూరుకు బండి పంపాను. చుట్టలు సీనియమ్మాళ్ కొంగులో ఉన్నాయి. కొత్త నియమం: ఇసుక వచ్చేదాకా పత్తి పక్కన నిండు కుండ అంబలి. ఎవరూ ముట్టరాదు. నేనైనా సరే!
తొమ్మిది గంటలు. అంబలి బాగా పులిసింది. కమ్మటి వాసన.
పది. పాడైందేమో చూడాలి కదా? ఒక్క గరిటె.
పదిన్నర. సీనియమ్మాళ్ చూసేసింది. ఇంకో కుండ తెచ్చి పక్కన పెట్టింది.
"ఇది నిప్పుకు. అది నీకు. నిప్పుది ముట్టితివో, సూడు!"
పదకొండు. నాది అయిపోయింది. నిప్పుది నిండుగానే ఉంది. ఇప్పటికి.