భుజం తట్టే మనిషి

2014 ఆగస్టు 27

ట్రైడెంట్ కాసినో ఆదివారంతో మూత. ఈ ఏడాది మా అట్లాంటిక్ సిటీలో ఇది మూడోది. ముప్ఫయ్యేళ్ళకి పైగా మా ఆయన ఆల్డో అక్కడ బ్లాక్‌జాక్ టేబుల్ వెనక నిలబడి పేక పంచుతున్నాడు. నేను స్కూల్లో లాటిన్ చెప్పేదాన్ని. చచ్చిన భాష అని పిల్లలు నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఊరు కూడా దాని పక్కన చేరింది.

ఆగస్టు 31, సాయంత్రం 7

పేక పంచే డీలర్ టేబుల్ వదలాలంటే ఇంకో డీలర్ వెనకనుంచి వచ్చి భుజం తట్టాలి. అప్పుడు చేతులు చరిచి, అరచేతులు పైనున్న కెమెరాకి చూపించి, ఏమీ కాజేయలేదు చూసుకోండి అన్నట్టు తప్పుకోవాలి. తట్టినవాడు ఆ టేబుల్ తీసుకోవాలి. అది రూలు.

ఇవాళ తట్టేవాళ్ళు లేరు. రోజూ తట్టే నూరుల్‌ని పోయిన వారమే పంపించేశారు. లైట్లు ఆర్పుతున్నా ఈయన కదల్లేదట. సెక్యూరిటీ అతను తాతా, ఇంక పద, సినిమా అయిపోయింది అని మోచెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. మోచెయ్యి భుజం కాదు.

సెప్టెంబరు 3

పొద్దున పదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింటి టేబుల్ వెనక నిలబడ్డాడు. కూర్చోమన్నాను. చెవిటివాడి ముందు శంఖం.

సెప్టెంబరు 4

నిలబడ్డాడు.

సెప్టెంబరు 19

కాళ్ళు వాచాయి. డాక్టరుని ఇంటికే పిలిపించాను. బుర్రకేమీ కాలేదు, జ్ఞాపకం నాకంటే బాగుంది అన్నాడు డాక్టరు. కానీ రోజంతా ఇలాగే నిలబడితే కాళ్ళలో రక్తం గడ్డకడుతుందట, ఆ గడ్డ పైకి పాకితే మనిషి దక్కడట. మీరైనా నచ్చజెప్పి కూర్చోబెట్టండమ్మా అన్నాడు. నలభై తొమ్మిదేళ్ళుగా అదే పని మీదున్నానని చెప్పాను.

అక్టోబరు 6

నూరుల్ వచ్చాడు. కనెక్టికట్‌లో ఏదో కాసినోలో పని దొరికిందట. కాఫీ ఇచ్చి, పోతూ పోతూ ఆ భుజం ఒక్కసారి తట్టిపో నాయనా అన్నాను. తట్టేస్తే టేబుల్ నేను తీసుకోవాలి కదా భాభీ, రెండింటికి నాకు బస్సుంది అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. రూలు రూలే అన్నాడు ఆల్డో. డాక్టరుకి చెప్పిన జవాబులు తీసేస్తే, ఐదు వారాల్లో ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట.

నవంబరు 2

ట్రైడెంట్ బోర్డులో మొదటి మూడు ఇంగ్లీషక్షరాలు, టి, ఆర్, ఐ, దించేశారు. ‘డెంట్’ మిగిలింది. ఇంగ్లీషులో సొట్ట. లాటిన్‌లో ‘వాళ్ళు ఇత్తురు గాక’. రెండూ సరిపోయాయి.

నవంబరు 14

బూట్లు పట్టలేదు. మేజోళ్ళతో నిలబడ్డాడు. సూప్ కూడా అలాగే తాగాడు. ఎడమ పిక్క ఎర్రగా కాలిపోతోంది. ఆస్పత్రికి పదమంటే, టేబుల్ వదిలి ఎలా వస్తానన్నాడు.

నవంబరు 15, ఉదయం 11

వెనక్కి వెళ్ళి భుజం తట్టాను.

ఒక్కసారి చేతులు చరిచాడు. అరచేతులు పైకెత్తి, వంటింటి కప్పుకున్న పొగ అలారానికి చూపించాడు. వాటిలో ఏమీ లేదు. తప్పుకుని వెళ్ళి కోటు తొడుక్కున్నాడు. ఆస్పత్రి వ్యాన్ వస్తే తనే ఎక్కాడు. నువ్వు రాకూడదు, టేబుల్ నీది అన్నాడు.

మధ్యాహ్నం 3

గడ్డ పైకి పోలేదట. మందు ఎక్కిస్తున్నారు, పడుకుని నిద్రపోతున్నాడు అని నర్సు ఫోన్ చేసింది. రండి, కూర్చోవడానికి కుర్చీ ఉంది అంది.

ఇది నిలబడే రాస్తున్నాను.